అక్క నమ్మిన ఏడుపు

నేను డబ్బింగ్ చెప్పుకుని బతికేదాన్ని. ఫిల్మ్ నగర్‌లో మా పని ఎలా ఉంటుందంటే, పిలుస్తారు, కాగితం చేతికిస్తారు, మైకు ముందు నిలబెడతారు. ఎవరిది, ఎందుకు అని అడగం. అడిగితే రెండోసారి పిలవరేమోనని భయం. ఎన్నికల ముందు అలాగే నాలుగు లైన్లిచ్చి, "ముసలావిడ ఏడుపు కావాలి మేడమ్, షార్ట్ ఫిల్మ్‌కి" అన్నారు. "ఓటెయ్యలేదని నా పింఛను గుంజుకున్నరు బిడ్డా, ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన్రు" అని వెక్కివెక్కి ఏడ్చి, కాగితం వెనక్కిచ్చేసి, టీ తాగి ఇంటికొచ్చేశాను.

వారం తిరక్కుండా ఆ ఏడుపు మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చింది. బొమ్మ లేదు, ఉత్త గొంతే. పింఛను గుంజుకున్నది వీళ్ళేనని ఏకంగా పార్టీ పేరు తగిలించారు, అదీ నేను ఓటేసే పార్టీ! పంపింది మా అక్క. "వీళ్ళు మనుషులేనా? అందరికీ పంపండి" అని కింద రాసింది.

సిగ్గులేకుండా నాకు ముందు నవ్వొచ్చింది. స్టూడియో బయట మా డబ్బింగ్‌వాళ్ళ టీ బల్ల దగ్గర అందరిదీ ఒకటే మాట, ఇలాంటివి ఎవడు నమ్ముతాడులే అని. శ్రీనగర్ కాలనీలో అక్కవాళ్ళ అపార్ట్‌మెంట్ మొత్తానిదీ ఇంకో మాట, ఇదంతా నిజమేనని. మధ్యలో దూరం ఎంతని, ఆటోలో పావుగంట!

సాయంత్రం అక్క వంటావిడ ఫోన్ చేసింది. ఎర్రగడ్డ నుంచి పన్నెండేళ్ళుగా వచ్చే మనిషి. "అమ్మ నన్ను పనికి రావద్దన్నదమ్మా. నేను గా పార్టీ మీటింగుకు పోయిన్నట. ముసలోళ్ళను ఏడిపిచ్చేటోళ్ళు నా ఇంట్ల వద్దన్నది."

మేం కోస్తావాళ్ళం. ఆ ఏడుపులో నేను పలికిన తెలంగాణ యాస నాకు నేర్పింది ఈవిడే, అక్క వంటింట్లో, నేను తప్పు పలికినప్పుడల్లా పడీపడీ నవ్వుతూ.

పొద్దున్నే ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. కింద కూర్చోమని నేనొక్కదాన్నే పైకెక్కాను.

"అది నా గొంతే అక్కా."

"ఊరుకోవే. చిన్నప్పట్నుంచీ వింటున్న గొంతు నాకు తెలీదా? మీ పార్టీవాళ్ళు చెప్పి పంపించారా?"

రుజువేదీ అంటే నా దగ్గర చిన్న కాగితం ముక్క కూడా లేదు. టీవీలో ఒకాయన అరుస్తూనే ఉన్నాడు. ఒళ్ళు మండిపోయి దాన్ని కట్టేశాను. హాలు మధ్యలో నిలబడి, చున్నీ నోటికడ్డం పెట్టుకుని, ఆ నాలుగు లైన్లూ ఏడ్చాను. ఎదురు ఫ్లాటావిడ కంగారుగా తలుపు తీసి చూసింది. నాకు నిజంగానే కన్నీళ్ళొచ్చాయి.

అక్క రిమోట్ చేతిలోకి తీసుకుంది. "బాగానే చేశావులే. కానీ నటన నటనేనే. ఆ ముసలావిడది కడుపులోంచి వచ్చిన బాధ" అంది. మళ్ళీ టీవీ పెట్టుకుంది.

ఛీ, ఏం బతుకు నాది అనుకుంటూ మెట్లు దిగాను. వంటావిడ వాచ్‌మన్ కుర్చీలోంచి గబుక్కున లేచి, కొంగు దోపుకుంది.

"ఏం కూర చెయ్యమన్నదమ్మా?"