కుళ్ళుతో నొక్కిన మీట

నా చిన్నప్పుడు నాకొక శత్రువు ఉండేది. ఆమెకు అప్పటికి పళ్ళు కూడా రాలేదు.

పినపాక దాటాక అడవి అంచున ఒక మిషన్ దవాఖానా ఉండేది. మా అమ్మ అందులో నర్సు. నాన్నకు గనిలో షిఫ్టు డ్యూటీ, సెలవు దొరికినప్పుడే ఇంటికొచ్చేవాడు. తోడబుట్టినవాళ్ళు లేరు. అమ్మ మొత్తం నాదే అనుకుని హాయిగా బతుకుతున్న రోజుల్లో, లోపలి గూడెం నుంచి ఒక అవ్వ తల్లి లేని మనవరాలిని చీరకొంగులో చుట్టి తెచ్చింది. ఆ పాప ఏడిస్తే పెదవులు నీలంగా మారిపోయేవి. గుండెలో రంధ్రం ఉందన్నారు. అవ్వకు కోయ మాట తప్ప ఇంకోటి రాదు. దవాఖానాలో ఆ మాట బాగా వచ్చినది అమ్మకే. దాంతో అవ్వా, పాపా ఇద్దరూ అమ్మకే అతుక్కుపోయారు.

నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ భుజం మీద ఆ పిల్ల ఉండేది. నన్ను నిద్రపుచ్చిన జోలపాట దానికి పాడేది. రాత్రి నా పక్కన పడుకున్నా అమ్మ చేతులు ఆ పిల్ల పాల వాసనే వేసేవి. పెద్ద ఆపరేషన్ కోసం దాన్ని, అవ్వను హైదరాబాదు పంపించినప్పుడు పీడ విరగడైందని సంతోషించాను. తీరా చూస్తే నా ఊలు టోపీ కూడా దానితోపాటు పోయింది. అమ్మ నాకోసం అల్లిన టోపీ అది. నాకు చిన్నదైపోయిందట! చిన్నదైతే మాత్రం నాది కాకుండా పోతుందా? అసలు అమ్మ మనసే ఆ పిల్లతో వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

అక్కడి ఆసుపత్రిలో పనిచేసే ఒక సిస్టరమ్మ పాప సంగతులు మెయిల్‌లో రాసేది. మా దవాఖానా ఆఫీసులో ఒక కంప్యూటర్ ఉండేది. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, అంతే. బొమ్మలుండవు, మౌసు ఉండదు. టెలిఫోన్ తీగ ఊడదీసి దానికి పెడితే, కీచుమని గోల చేసి, బుద్ధి పుడితే లైన్ కలిపేది. దాన్ని చూసుకునేది దవాఖానా నడిపే మా పెద్ద సిస్టరమ్మ. లావుపాటి మనిషి, నవ్వితే బల్ల కదిలేది. లైన్ కలిసినంతసేపూ దవాఖానాకు ఫోన్ రాదు. ఆ యంత్రం వరస అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది.

ప్రతి సాయంత్రం అమ్మ ఆ తెర ముందు కూర్చునేది. నేను గుమ్మంలో నిలబడి ఆమె వీపు చూస్తూ ఉండేదాన్ని. ఒకసారి కడుపు మండి, "ఆ పిల్ల ఇటు రాకపోతే మంచిగుండు" అని పైకే అనేశాను. అమ్మకు వినబడలేదు. పెద్ద సిస్టరమ్మకు వినబడింది. ఆమె తల తిప్పి నా వైపు ఒకసారి చూసింది.

మర్నాడు లైన్ కలవడానికే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పట్టింది. వచ్చిన మెయిళ్ళ వరస తెర మీద కనబడగానే అమ్మ ఆత్రంగా పైనున్నదాన్ని తెరిచేసింది. అది పాప కబురు కాదు. విదేశాల్లో మా మిషన్‌కు సాయం చేసేవాళ్ళెవరో పండగ ఫొటోలు పంపారు. చూపించడం చేతకాకపోయినా ఆ కంప్యూటర్ వాటన్నిటినీ లాక్కోవడం మొదలుపెట్టింది. హైదరాబాదు మెయిల్ దాని కిందే ఉంది, తెరిచినది పూర్తిగా వచ్చేదాకా అది తెరుచుకోదు. కాసేపటికి తెర అడుగున ఒక ప్రశ్న వచ్చింది. అవతలి నుంచి జవాబు లేదు, లైన్ తెంచేయమంటావా? అవునంటే వై మీట నొక్కాలి, వద్దంటే ఎన్.

అమ్మ ఎన్ నొక్కింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎన్. సిస్టరమ్మ తెంచెయ్యమని నచ్చజెప్పింది. మెయిళ్ళు ఇక్కడ లేవు, దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి, మనం ఆపితే ఆగేది మోసుకురావడం మాత్రమే, సరుకు ఎక్కడికీ పోదు అని చెప్పింది. అమ్మ వినలేదు. సెలైన్ ఎక్కుతున్న చెయ్యిని ఎవరైనా కదిలిస్తేనే అరిచే మనిషి ఆమె. పాప కబురు మోస్తున్న తీగను తన చేత్తో ఎలా తెంచుతుంది? "వద్దు సిస్టరమ్మా, మళ్ల కలవకపోతే? పాప సంగతి గూడ పోతది" అంటూ, ముందుకొచ్చిన సిస్టరమ్మ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

అప్పుడు సిస్టరమ్మ గుమ్మం వైపు తిరిగింది.

"ఏందే, గక్కడ నిలబడ్డవ్? ఇటు రా. నీకు ఆ పాప అంటే పడదు గద?"

అమ్మ ముందు అడిగేసింది! అమ్మ తిరిగి నన్ను చూసింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "అవ్" అన్నాను.

"అయితే నీకు భయం లేదు. నువ్వు నొక్కు."

నేను నొక్కాను. మంచితనంతో కాదు. ఆ పిల్ల పీడ, ఆ యంత్రం పీడ ఒక్క దెబ్బతో వదలాలని, ఇంటికెళ్ళి అమ్మ నాకు జడ వెయ్యాలని నొక్కాను. లైన్ తెగింది. తెర ఖాళీ అయింది. అమ్మ కుర్చీలోంచి జారి నేల మీద కూలబడింది. ఆమె ముఖం చూశాను. ఆ పిల్లకు నిజంగానే ఏమైనా అయిపోతుందేమోనని అప్పుడు భయమేసింది.

సిస్టరమ్మ తాపీగా మళ్ళీ కలిపింది. మధ్యాహ్నం నుంచీ మొండికేసిన లైన్ ఈసారి వెంటనే కలిసింది. మెయిళ్ళన్నీ వరస చెదరకుండా అలాగే ఉన్నాయి. ఆ ఫొటోల బరువు కూడా ఎక్కడిదక్కడే ఉంది. ఆమె దాన్ని దాటేసి కిందిది తెరిచింది. చిన్న మెయిల్, రెప్పపాటులో వచ్చేసింది. పాపకు ఆపరేషన్ రేపేనట. అవ్వ జ్వరంతో పడిపోయిందట. పాప ఎవరి చేతుల్లోనూ ఊరుకోక ఏడ్చి ఏడ్చి నీలమైపోతోంది, గుండెకు మంచిది కాదు, దానికి తెలిసిన మనిషి ఎవరైనా ఈ రాత్రే బయలుదేరండి, ఫోన్ చేస్తే మీ లైన్ దొరకడం లేదు అని రాసి ఉంది.

మణుగూరులో రాత్రి రైలు ఎక్కాలంటే సాయంత్రం బస్సు దొరకాలి. అమ్మ సంచిలో రెండు చీరలు కుక్కుకుంది. విషయం నాకు అప్పుడు అర్థమైంది. అమ్మను ఆ పిల్ల దగ్గరికి నా చేత్తో నేనే పంపిస్తున్నాను! బస్సు దగ్గర ఆమె కొంగు పట్టుకుని గగ్గోలు పెట్టాను. అమ్మ వంగి నా ముఖం తుడిచి, "నువ్వు నొక్కకుంటే ఇంకా గాడనే కూసుందును బిడ్డా. పాప బతికితే నీ పుణ్యమే" అంది. నాకా పుణ్యం అక్కర్లేదు, నువ్వు కావాలి అన్నాను. బస్సు వెళ్ళిపోయింది.

ఆ రాత్రి సిస్టరమ్మ నాకు అన్నం కలిపి పెట్టింది. నన్ను మంచిపిల్లవని పొగడలేదు, చెడ్డపిల్లవని తిట్టలేదు. "కుళ్ళు ఉంటే ఉండనియ్. అది పొమ్మంటే పోయేది కాదు. మీ అమ్మ ప్రేమ జెయ్యలేని పని ఇయ్యాల నీ కుళ్ళు జేసింది, జూసినవా?" అంది. నేను కోపంగానే ముద్ద మింగాను. అది ఓదార్పులా అనిపించలేదు. ఇప్పటికీ అది ఓదార్పు కాదనే అనుకుంటాను.

పాప బతికింది. అవ్వ కూడా కోలుకుని తిరిగొచ్చింది. ఆ పాపకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. మా అమ్మను "అమ్మా" అనే పిలుస్తుంది. తను ఫోన్ చేస్తే మంచం మీదున్న అమ్మ ముఖం వెలిగిపోతుంది. నేను మాత్ర ఇచ్చినప్పుడు ఆ వెలుగు రాదు. నలభై దాటినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, నాకిప్పటికీ కడుపులో చురుక్కుమంటుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మొన్న అమ్మకు బాగా ఆయాసం వచ్చింది. నిద్రలో కూడా ఆ పిల్ల పేరే పలవరించింది. ఫోన్ నా చేతిలోనే ఉంది. కుళ్ళు తగ్గాక చేద్దామని ఆగలేదు. కుళ్ళుతోనే నంబరు నొక్కి, "జల్దీ రా, అమ్మ నిన్ను తలుస్తోంది" అన్నాను.