కరెంటు పోయినప్పటి నవల

అమ్మ నోటుపుస్తకాలు తెరిస్తే ఇప్పటికీ మరమగ్గం నూనె వాసన వస్తుంది, పేజీల అంచుల్లో నల్లటి వేలిముద్రలు కనిపిస్తాయి.

నగరిలో మా వీధి పొడవునా మగ్గాల మోతే. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో కరెంటు పోయి ఆ మోత ఒక్కసారిగా ఆగితే, నాయన అరుగు మీద తువ్వాలు పరుచుకుని నడుం వాల్చేవాడు, ఆడపిల్లలం తోతాపురి మామిడి ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తింటూ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, అమ్మ మాత్రం చీరచెంగుకు చేతులు తుడుచుకుని, గోడకానుకుని నవల రాసేది. కామాక్షి అనే నేతగత్తె కథ అది. ఒక్కోరోజు రెండు పేజీలు సాగేది, ఒక్కోరోజు ఒక్క వాక్యమే. కరెంటు వచ్చిందంటే ఆ వాక్యం కూడా సగంలో వదిలేసి లేవాల్సిందే.

ఒక ఆడికృత్తిక పండక్కు ఇంటిల్లిపాదీ మొక్కు కావళ్లతో తిరుత్తణి గుడికి పోతుంటే, వడలూ పులిహోరా మూటగట్టి మమ్మల్ని పంపి తను ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి అరవై పేజీలు చించేసి, వాటి మధ్యన కూర్చోనుంది.

"కామాక్షి ఇట్ల మాట్లాడే మనిషి కాదు" అనింది.

"ఇంగ ఎన్నేండ్లు రాస్తావే?" అన్నాడు నాయన.

"అయ్యేదాకా."

ఆఖరి అధ్యాయం దాకా రావడానికి పదకొండేళ్లు పట్టింది. అప్పటికి నేను పెళ్లయి తిరుపతికి వచ్చేశాను. ఒకరోజు ఫోన్ చేసి, "కడాకు కామాక్షి ఏం సేస్తాదో తెలిసిపోయింది పాపా" అనింది సంబరంగా. చెప్పమంటే, "రాసినాక సదువుదువులే" అని నవ్వింది. ఆ వారంలోనే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఎడమచేతికి పెన్నిస్తే గీతలే వచ్చాయి. అక్షరాలు కూడా పోయాయన్నాడు డాక్టరు.

నాయన పోయాక అమ్మను నా దగ్గరికే తెచ్చుకున్నాను. తోచినవన్నీ అడిగాను. కామాక్షి ఊరు వదిలిపోతుందా, మొగుడి దగ్గరికి తిరిగొస్తుందా, చచ్చిపోతుందా. అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. పోయిన నెల ఆ అధ్యాయం నేనే రాసి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విని, ఎడమచేత్తో నా చెంప నిమిరి, కాదన్నట్టు మళ్లీ తల ఊపింది.

నగరిలో మా వీధిలో ఇప్పుడు కరెంటు పోవడం తక్కువట, సగం ఇళ్లలో అసలు మగ్గాలే లేవట. ఇక్కడ మా ఇంట్లో ఏ మోతా లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మను లేవమనేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఆ ముగింపు తెలిసిన ఒకే ఒక్క మనిషి, నా వైపు చూస్తూ ఉంటుంది.