కాఫీకి రానన్నవాడు

కాఫీ గురించి కోతలు కోయడంలో మెల్‌బోర్న్ వాళ్ళ ముందు మా తెనాలి వాళ్ళు దిగదుడుపే. ఇటలీ నుంచి ఓడల్లో మిషన్లొచ్చాయట, అప్పట్నుంచీ లోకానికి కాఫీ నేర్పింది తామేనట. అరబ్బుల దేశం నుంచి గింజలు దాచి తెచ్చి మన కొండల్లో నాటిన ఫకీరు కథ చెబితే నవ్వి ఊరుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ నురగ కాఫీ ముట్టనని ఒట్టు పెట్టుకుని, పొద్దున్నే ఫిల్టరు కాఫీ కలిపి ఫ్లాస్కులో ఆఫీసుకు పట్టుకెళ్ళేవాణ్ణి.

వైటూకే భయం పుణ్యమా అని దొరికిన కాంట్రాక్టు నాది. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లు చెక్కుచెదరలేదు, మాకు పని లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే మా మేనేజరుకు నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. రోజూ కాఫీకి వెళ్దామా అనేవాడు. నేను ఫ్లాస్కు చూపించేవాణ్ణి. పాపం, మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయేవాడు.

పక్క సీటు వరంగల్ కుర్రాడు ఒకరోజు నన్ను లిఫ్టు దగ్గరికి లాక్కెళ్ళాడు.

"ఏందన్నా, నీకు సమజ్ అయితలేదా? ఈడ జాబ్ తీసేసేటప్పుడు మర్యాదగ కాఫీకి తీస్కపోయి చెప్తరు. నువ్వు పోతలేవని నీది ఆగింది. నిన్న నన్ను తీస్కపోయిండు."

ఉద్యోగం పోతే వీసా పోతుంది. పిల్లను అప్పుడే బడిలో వేశాం. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ ఇంకా పెద్ద ఫ్లాస్కు కొనుక్కొచ్చింది. వేరే కంపెనీలకు బయోడేటాలు పంపుకుంటూ, మేనేజరు కనబడగానే మూత తిప్పేవాణ్ణి.

కొన్నాళ్ళు ఆ ఎత్తు పారింది. చివరికి ఆయనే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నీ కాఫీ కొంచెం పోస్తావా, మేట్?"

అడిగినవాడికి కాఫీ లేదనడం మా ఇంటావంటా లేదు. తిరగబోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, ఈ ఊళ్ళో ఇంత మంచి కాఫీ తాగలేదన్నాడు. ఛాతీ ఉప్పొంగి ఫకీరు కథ మళ్ళీ మొదలుపెట్టాను. ఓపిగ్గా విని, గ్లాసు ఖాళీ చేసి, శుక్రవారం నా ఆఖరి రోజని చెప్పాడు. తర్వాత ఇంకో గ్లాసు అడిగాడు.

సాయంత్రం మా ఆవిడ నా మొహం చూసింది.

"ఏమన్నాడండీ?"

"కాఫీ బాగుందన్నాడు."

ఫ్లాస్కు మూత తీసి తలకిందులు చేసింది. చుక్క కూడా రాలలేదు.

"చెప్పాక కూడా పోశారా?"

ఏడుపొచ్చింది నాకు. పోశానన్నాను.