వంటోళ్ల పిల్ల

గట్టు మండలంలో ట్రాక్టర్ నడిపే ఆడపిల్ల ఎవరంటే అందరూ వంటోళ్ల నవ్య పేరే చెప్పేవారు. తండ్రి దానియేలు కౌలుకు చేసే పత్తి చేలోనే స్టీరింగు పట్టడం నేర్చింది. పొయ్యి మాత్రం తల్లిదే. నవ్యకు చాయ్ పెట్టడం వచ్చు, అదీ ఎవరూ తొందరపెట్టకపోతే.

పోయినేడు పెద్దమందడిలో తాపీపని చేసే గోపితో ఆమె పెళ్లయింది. కొత్తకోడలి ఇంటిపేరు వినగానే అక్కడి చర్చివాళ్లకు నోరూరింది.

"వంటోళ్ల పిల్లనే మన ఊరికొచ్చె. ఈసారి కోతపండుగకు వంట ఆమెదే" అని సంఘపెద్ద యోసేపు అందరి ముందూ చెప్పేశాడు. అత్త జమ్ములమ్మ ముఖంలో గర్వం చూశాక కాదనడానికి నవ్యకు నోరు రాలేదు.

పండుగనాడు ప్రార్థన ముగిసేసరికి పప్పు అడుగంటింది. అన్నం పైన పలుకు, కింద ముద్ద. మాడువాసన చర్చి లోపలిదాకా పోయింది. నవ్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కట్టెల మీద కూలబడింది.

చుట్టపుచూపుగా వచ్చిన దానియేలు పప్పు వేలితో నాకి చూసి పడీపడీ నవ్వాడు.

"నవ్వుతవేంది? మీ ఇంటిపేరే వంటోళ్లాయె!" అన్నాడు యోసేపు.

"అదే చెప్తున్ననన్నా. మా తాత ఎర్రన్న సుత మొదటిరోజు గిట్లనే మాడబెట్టిండట. ఊరోళ్లతోని డ్యాం పనికి పోతే బండ పడి కాలు నలిగింది. మట్టితట్ట మోయలేడు, ఇంటికి పోతే తిండి లేదు. 'పొయ్యికాడ కూసోని వండిపెట్టు' అన్నడట మేస్త్రి. తాతకు నిప్పు రాజేసుడు గూడ రాదు. కూలోళ్లు తిట్టుకుంటనే నేర్పిండ్రు. తర్వాత తర్వాత పక్క గుంపులోళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చేటోళ్లంట. గట్ల తాత వంట ఎర్రన్న అయిండు, మేము వంటోళ్లమైనం. అంతకుముందు మా ఇంటిపేరేందో నాకే తెల్వదు."

జమ్ములమ్మ కోడలి భుజం తట్టింది. "మరి రెండు కాళ్లు మంచిగున్న పిల్లను పొయ్యికాడ ఎందుకు కూసోబెట్టినం? లే బిడ్డా! ఆటో తీస్కొని వనపర్తికి పో, కందిపప్పు పట్కరా."

నవ్య కళ్లు తుడుచుకుని, పక్కింటివాళ్ల ఆటో అడిగి తీసుకుని దుమ్ము లేపుకుంటూ వెళ్లింది. తిరిగొచ్చేలోగా గోపి గిన్నెలు తోమి ఎసరు పెట్టాడు. భోజనాలు పొద్దు వాలాక అయ్యాయి. తినకుండా ఒక్కరూ ఇంటికి పోలేదు.

ఇప్పుడు నవ్య సొంత ఆటోను పెద్దమందడికీ వనపర్తికీ మధ్య నడుపుతోంది. ఇంట్లో కూర గోపి వండుతాడు. ఈమధ్యే ఆమెకు పచ్చిపులుసు పట్టుబడింది. కుదిరిన రోజున టిఫిన్ డబ్బాలో పోసుకుని, బస్సెక్కి గద్వాల మీదుగా పుట్టింటికి మోసుకుపోయింది.

"ఉప్పు జర తక్కువైంది" అన్నాడు దానియేలు, మళ్లీ పోయించుకుంటూ.