తప్పిపోయిన కోడలు

దసరా వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే మా అత్తమ్మ దవాఖానలో కన్నుమూసింది. నేను ఇంట్లో ఆమె కోసం గంజి కాస్తున్నాను. మా ఆయన వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "అమ్మ లేదు" అన్నారు. గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను గానీ దించాలని తోచలేదు.

కబురు చేయాల్సినవాళ్ల పేర్లు రాస్తూ మా ఆడపడుచు, "ఇంక ఎవరన్న మిగిలిన్రా వదినె?" అని అడిగింది.

"ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల కొట్టాయనకు చెప్పాలి" అన్నాను.

"ఆయన మనకేమైతడు?"

"రేడియో నాటకంలో కిరాయిదారు."

అంత దుఃఖంలోనూ ఆమెకు నవ్వు వచ్చింది. వాళ్లమ్మ సంగతి ఆమెకు తెలియనిదా! ఇంకొకామెకు కూడా చెప్పాలి. కానీ ఆమె ఆ మధ్యే ఇల్లు మారింది, కొత్త చిరునామా నా దగ్గర లేదు. ఈ నాలుగు మాటలూ రాయడం అసలు ఆమె గురించే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను నాంపల్లికి కోడలిగా వచ్చాను. స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఆయన కోర్టులో గుమాస్తా. మా నాన్న రైల్వేలో పనిచేస్తూ కాజీపేటలో ఉన్నప్పుడు కుదిరిన సంబంధం అది. మాది కృష్ణా జిల్లా. స్కూలు ఫైనలు ప్యాసయ్యాను, వ్యాసరచనలో బహుమతులు తెచ్చుకున్నాను. నా తెలుగంటే నాకు చెప్పలేనంత పొగరు. మొదటి రోజు "అత్తయ్యగారూ" అని పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూసి, "గారు ఎవరే? నేను అత్తమ్మను" అంది.

ఆమెకు ఉర్దూ చదవడం, రాయడం బాగా వచ్చు. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఇంట్లోనే నేర్పించాడట. తెలుగు అక్షరాలు మాత్రం రావు. అందుకని తెలుగులో రాయాల్సిన ఉత్తరాలన్నీ నా చేతికి వచ్చాయి.

ఆ రోజుల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం రేడియోలో ఒక ధారావాహిక నాటకం వచ్చేది. ఒక కుటుంబం కథ. ఇంటిపెద్ద ముసలాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, మేడ మీద కిరాయికుండే అల్లరి మనిషి. అది ఏడాదిన్నర నడిచింది. ఆ అరగంటా అత్తమ్మ పళ్లెం ముందు పెట్టుకుని రేడియో ఎదురుగా కూర్చునేది. ముసలాయన విసుక్కుంటే తిరిగి విసుక్కునేది. కిరాయిదారు జోకు వేస్తే "నీ కిరాయి కట్టు ముందుగాల" అనేది. కోడలు ఏడిస్తే మాత్రం కలిపిన ముద్ద అలాగే పళ్లెంలో వదిలేసేది.

నాటకం ముగిసిన తర్వాతి ఆదివారం కూడా ఆమె అదే వేళకు వచ్చి కూర్చుంది. రేడియోలో ఏదో పాట వస్తోంది.

"వీళ్లంత ఏమైన్రే?"

"నాటకం అయిపోయింది కదా అత్తమ్మా."

"నాటకం అయిపోయింది గని మనుషులు అయిపోలే గద. యాడికి పోయిన్రు?"

అలా మొదలైంది. ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్లు ఆమె ఆ నాటకంలోని మనుషులను వెతుకుతూనే ఉంది.

ఎవరి ముఖమూ తెలియదు, చెవులే ఆధారం. ఆబిడ్స్‌లో ఏ దుకాణానికి వెళ్లినా జనం వైపు వీపు పెట్టి, కళ్లు మూసుకుని నిలబడేది. కొత్తవాళ్లు చూసి ఆమెకు కళ్లు తిరుగుతున్నాయేమో అనుకుని స్టూలు తెచ్చి వేసేవాళ్లు. "కండ్లతోని చూస్తే ఎవరో మనిషి. చెవులతోని వింటే మనింటి మనిషి" అనేది నాతో. ఒకసారి చీరల దుకాణంలో అత్తమ్మ ఎవరో ఒకావిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇన్ని దినాలు యాడున్నవే కోడలా?" అంది. ఆవిడ బెజవాడ నుంచి పెళ్లి బట్టలు కొనడానికి వచ్చిందట. వాళ్లాయన పరిగెత్తుకొచ్చాడు. నేను నా దగ్గరున్న తెలుగంతా ఖర్చుపెట్టి క్షమాపణ చెప్పాను. అత్తమ్మ మాత్రం, "గొంతు జర అట్లనే ఉన్నది" అంటూ బయటికి నడిచింది.

అందరికంటే ముందు ముసలాయన దొరికాడు. ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణంలో బేరమాడుతున్నాడు. అరవై ఏళ్ల ఆ గొంతు ముప్పై ఏళ్లయినా నిండని సన్నటి కుర్రాడిదని తేలింది. అత్తమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "గింత పోరనివా? నీకు నేను ఏడాదిన్నర ఇజ్జత్ ఇచ్చిన!" అంది. అతను నవ్వి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. తర్వాత అతను మద్రాసు వెళ్లి సినిమాల్లో చిన్నచిన్న వేషాలు వేశాడు. ఏ సినిమాలో ఉన్నాడని తెలిసినా వెళ్లాల్సిందే. ఒకదాంట్లో ఇంటర్వెల్‌కు ముందే అతన్ని కత్తితో పొడిచేశారు. అత్తమ్మ వెంటనే లేచింది. "మనాయన పోయిండు, ఇంకేం చూస్తమ్ పా" అని నన్ను బయటికి లాక్కొచ్చింది. ఆ కథ ఎలా ముగిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కిరాయిదారు నటన మానేసి, ఉస్మాన్‌గంజ్‌లో వాళ్ల నాన్న మిరపకాయల వ్యాపారంలో కూర్చున్నాడు. అదే గొంతుతో మిరపకాయల ధర పాడేవాడు. దగ్గరలో ఎన్ని దుకాణాలున్నా ఏటా పచ్చళ్ల కారానికి మేము అక్కడికే పోయేవాళ్లం. ఆమె తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ అతని మాటలు వినేది.

ఎవరు దొరికినా ఆమె చివరికి అడిగే ప్రశ్న ఒక్కటే: "మన కోడలు యాడున్నది?"

ఆ ప్రశ్న వెనక ఒక కార్డు ఉంది. నాటకం నడుస్తుండగా ఒక ఆదివారం అత్తమ్మ, "రేడియో వాళ్లకు ఒక కార్డు రాయి" అని, ఏం రాయాలో చెప్పింది: "అయ్యా, మీ నాటకంల కోడలు పిల్ల ఏడిస్తే నాకు బువ్వ దిగుతలేదు. పాపం, గా పిల్లను జర తక్కువ ఏడిపియ్యిన్రి. మీకు పుణ్యముంటది."

ఆ మాటలు అలాగే రాస్తే రేడియోవాళ్లు నవ్వుతారనుకున్నాను. వ్యాసరచన బహుమతులు గుర్తొచ్చాయి. "కోడలి పాత్రధారిణి రోదన శ్రోతలకు భరింపరానిదిగా ఉన్నది. తగ్గించవలసినదిగా మనవి" అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

"నేను చెప్పినట్టే రాసినవా?" అంది.

"ఔ" అన్నాను. ఆ ఇంట్లో వాళ్లలాగా నేను "ఔ" అనడం అదే మొదలు. ఆమె మురిసిపోయి నా తల నిమిరింది.

తర్వాత ఉత్తరాల కార్యక్రమంలో, "కోడలి ఏడుపు తగ్గించమని నాంపల్లి నుంచి ఒక శ్రోత కోరారు" అని మాత్రం చెప్పారు. అత్తమ్మ గల్లీ అంతా చక్కెర పంచింది. ఆ తర్వాత మూడో ఆదివారం కథలో కోడలిని పుట్టింటికి పంపేశారు. ఇక ఆ గొంతు మళ్లీ వినిపించలేదు. పుట్టింటి నుంచి ఆమె రాసినట్టుగా వచ్చే ఉత్తరాలను ముసలాయనే చదివేవాడు.

"ఏడుపు తక్కువ చెయ్యమంటే పిల్లనే తీసేసిన్రు" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "నా కార్డుతోని గా పిల్ల నౌకరి పోయింది."

అది తన కార్డు కాదని, నాదని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత కిరాయిదారు మాటల మధ్యలో, "ఎవరో కార్డు రాసిన్రు పెద్దమ్మా, మన కోడలు గా కార్డు చదువుకొని బయట మెట్ల మీద కూసొని ఏడ్చింది" అన్నాడు. ఆ రోజు అత్తమ్మ అన్నం ముట్టలేదు. అప్పుడైనా చెబుదామని ఆమె మంచం దగ్గర కూర్చున్నాను. "ఏందే?" అంది. "ఏం లేదు" అన్నాను. చెబితే ఇక నాతో ఉత్తరాలు రాయించదేమోనని భయం. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి గౌరవం అది. దాన్ని పోగొట్టుకోలేక, ఆమె తనది కాని తప్పును మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నాలుగేళ్ల కిందట, ఏటా జనవరిలో నాంపల్లిలో జరిగే పెద్ద ప్రదర్శన నుమాయిష్‌కు వెళ్లాం. అప్పటికి ఆమెకు మోకాళ్ల నొప్పులు, అయినా ఏ ఏడూ మానలేదు. సాయంత్రం పూట తప్పిపోయిన పిల్లల గురించి లౌడ్‌స్పీకర్లో చెబుతున్నారు. ఎర్ర చొక్కా, నాలుగేళ్లు, పేరు చెప్పలేకపోతున్నాడు. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో. అత్తమ్మ నడక ఆపేసి కళ్లు మూసుకుంది.

"గదే" అంది.

"అత్తమ్మా, ఆబిడ్స్‌లో కూడా ఇలాగే అన్నారు" అని నవ్వి, పచ్చళ్ల జాడీలు కొనడానికి పక్క దుకాణంలోకి వెళ్లాను. రెండు జాడీలు చంకలో పెట్టుకుని వచ్చేసరికి ఆమె లేదు. ఆ జనంలో అటూ ఇటూ పరిగెత్తాను. అంతలో తల మీద లౌడ్‌స్పీకర్ నా పేరే పిలిచింది.

"మీరు ఎక్కడున్నా వెంటనే ప్రకటనల గది దగ్గరికి రండి. మీరు తప్పిపోయారని మీ అత్తగారు కంగారు పడుతున్నారు."

నాటకంలో కోడలు పుట్టింటికి వెళ్లేముందు గడప దగ్గర మాట్లాడిన గొంతే అది.

గదిలో తప్పిపోయిన పిల్లల మధ్య అత్తమ్మ కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంది. ఎర్ర చొక్కా పిల్లవాడు ఆమె ఒళ్లో పల్లీపట్టీ తింటున్నాడు. "నా చెవి పక్కన మాట్లాడితే పక్కాగా తెలుస్తదని నిన్ను తప్పిపోగొట్టిన" అంది నాతో. మైకు ముందు కళ్లజోడు పెట్టుకున్న నలభై ఏళ్ల ఆవిడ నవ్వుతోంది. తన గొంతును ఎవరైనా గుర్తుపట్టడం అదే మొదటిసారట.

అత్తమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. "బిడ్డా, నీ నౌకరి తీసింది నేనే. గా నాంపల్లి కార్డు నాదే."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కళ్లజోడు తీసి, మెల్లగా అప్పజెప్పింది: "రోదన శ్రోతలకు భరింపరానిదిగా ఉన్నది."

"గదేంది? నేను గట్ల చెప్పలే బిడ్డా. నువ్వు ఏడిస్తే నాకు బువ్వ దిగుతలేదని చెప్పిన. పిల్లను తక్కువ ఏడిపియ్యమని..."

మాట మధ్యలో ఆపి అత్తమ్మ నా వైపు తిరిగింది. జాడీలు పట్టుకుని నేను గోడకు ఆనుకుపోయాను. ఎంతసేపు చూసిందో తెలియదు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "నేనే సరిగ చెప్పకపోయి ఉంట. మా కోడలు మంచిగనే రాస్తది" అంది.

ఆవిడకు అర్థమైందనే అనుకుంటాను. నన్ను ఏమీ అడగలేదు. ఉద్యోగం పోలేదని, అప్పటికే తాను కడుపుతో ఉందని, మానేస్తానని ముందే చెప్పిందని అంది. "కానీ మళ్లీ పిలిచినా నాటకాలకు వెళ్లలేదు పెద్దమ్మా. నా ఏడుపు ఎవరూ భరించలేరనుకున్నాను." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "నిజంగా బువ్వ దిగలేదా?" అని అడిగింది.

"దిగలే బిడ్డా."

"నిజంగానే?"

"నీ మీద ఒట్టు, దిగలే."

రిక్షాలో ఇంటికి బయల్దేరాం. స్టేషన్ దాటాక అత్తమ్మ అడిగింది.

"రోదన అంటే ఏడుపేనా?"

"ఔ అత్తమ్మా."

"మరి ఏడుపు అని రాస్తే ఏమాయె?"

"తప్పయింది" అన్నాను.

"జాడీలు మంచిగ పట్టుకో, పగులుతయ్" అంది.

అంతే. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఉత్తరం చెప్పేముందు మాత్రం ఒక మాట చేర్చడం మొదలుపెట్టింది: "నేను చెప్పినట్టే రాయి." రాశాక పైకి చదివించుకునేది. ఆ వారమే రేడియో వాళ్లకు కార్డు చెప్పింది: "గా పాత కోడలు పిల్లను మళ్ల పిలువున్రి. మస్తు మంచిగ ఏడుస్తది." అక్షరం మార్చకుండా రాశాను. కార్డు వల్లనో కాదో తెలియదు గానీ, ఆ వానాకాలంలో ఒక నాటకంలో ఆమె నాయనమ్మగా వినిపించింది. అత్తమ్మ ముద్ద పళ్లెంలో పెట్టేసి, "చూడు, దిగుతలేదు" అని ఎంతో సంతోషంగా చెప్పింది. ఆ తర్వాత ఏటా నుమాయిష్‌లో ముందు ఆ గదికే వెళ్లేవాళ్లం.

ఈ జనవరిలో నుమాయిష్‌కు నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఎలా చెప్పాలో దారంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను. గది ముందు జనం తోసుకుంటున్నారు. ఆమె తలెత్తకుండా, చేతిలో పెన్సిలుతో, "ఎవరు తప్పిపోయారమ్మా?" అని అడిగింది.

అనుకున్న వాక్యాలేవీ నోటికి రాలేదు.

"మా అత్తమ్మ పోయింది" అన్నాను. "నాకు బువ్వ దిగుతలేదు."

ఆమె తలెత్తి చూసి, మైకు మీద చెయ్యి కప్పింది. ఎప్పుడూ అత్తమ్మ కూర్చునే కుర్చీలో పచ్చగౌను వేసుకున్న పిల్ల ఒకతె పల్లీపట్టీ కొరుకుతూ, తన కోసం ఎవరొస్తారా అని గుమ్మం వైపే చూస్తోంది.