బోణీ క్లిక్కు

2023 వానాకాలం. తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే కొంటా బస్టాండు దగ్గర నా చిన్న ఆఫీసు. దుకాణాల పేర్లు సెర్చ్‌లో పైన కనిపించేలా యాడ్స్ పెట్టడం నా పని. ఇప్పుడు లారీ డ్రైవర్లు కూడా దారిలో ఎవరినీ అడగడం లేదు. ఫోన్‌లో ఏ హోటల్ పైన కనిపిస్తే అక్కడే బండి ఆపుతారు.

హైవే మీద తెలుగు భోజనం మెస్ నడిపే సమ్మక్క ఒక మధ్యాహ్నం విసురుగా వచ్చి, ఫోన్ నా బల్ల మీద పెట్టింది.

"ఏంది తమ్మీ, పైసలైతే తీస్కుంటివి, నా పేరేది? పొద్దుగాల ఉంటది, తినే యాళ్లకు మాయం. వండిందంతా పారబోస్తున్న. ఇట్లనే ఉంటే వచ్చే నెల షటర్ దించుడే."

ఆమె చూపులో దొంగను నేనే. ఒళ్ళు మండింది, అయినా అకౌంట్ తెరిచి చూశాను. డైలీ బడ్జెట్, అంటే యాడ్ మీద ఎవరైనా నొక్కిన ప్రతిసారీ తరిగిపోయే ఆ రోజు డబ్బు, పొద్దున్నే ఖాళీ అవుతోంది. అది అయిపోతే ఆ రోజుకి యాడ్ కనిపించదు.

"ఎదురు ధాబావోడే! నన్ను చూసి నవ్వుతుండు వాడు" అంది సమ్మక్క.

నాకూ అదే అనుమానం. పోటీవాళ్ళు కావాలని నొక్కి బడ్జెట్ తినేయడం మా వృత్తిలో ఉన్నదే. దాన్ని క్లిక్ ఫ్రాడ్ అంటారు. మర్నాడు పొద్దున్నే ఆమె మెస్‌లో కూర్చుని ధాబా మీద కన్నేశాను. ధాబా యజమాని ఫోన్ తీయగానే దొరికాడనుకున్నాను. తీరా చూస్తే పాటలు పెట్టుకున్నాడు.

ఇంతలో సమ్మక్క దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, ఫోన్ కళ్ళకద్దుకుని, తన మెస్ పేరు వెతికి, యాడ్ మీద నొక్కింది.

"అయ్యో, ఏం చేస్తున్నవక్కా?"

"బోణి. మనది మంచి చెయ్యి తమ్మీ, మొదటి నొక్కుడు మనదే ఉండాలె. మా ఊరు ఉసూర్‌ల మా అన్నోళ్ళు, చెల్లెలోళ్ళు గూడ దినాం నొక్కుతరు. ఎంత మంది నొక్కితే అంత పైకొస్తది గద."

నెత్తి పట్టుకున్నాను. అసలే చిన్న బడ్జెట్, అదంతా చుట్టాల బోణికే సరిపోతోంది. విషయం చెప్పగానే ఆమె ముఖం మాడిపోయింది. వెంటనే అందరికీ ఫోన్లు చేసి మానిపించింది. కొద్ది రోజుల్లోనే మధ్యాహ్నం లారీలు ఆగడం మొదలైంది.

"నన్ను దొంగను చేస్తివి గదక్కా" అని ఎగతాళి చేశాను. ఆమె నవ్వలేదు.

"మా ఇంటోళ్ళే నొక్కుతున్నరని నొక్కినప్పుడల్ల పైసలు తీస్కునే ఆ సెర్చ్ కంపెనీకి తెల్వదా?"

"కొన్ని పట్టుకుంటరట. వాటికి పైసలు తీస్కోరు. అన్నీ దొరకవు."

"దొరక్కపోతే లాభం ఎవలికి?"

ఇప్పుడు ఎవరైనా పోటీవాడి మీద ఫిర్యాదుతో వస్తే, మీ ఇంట్లో ఎవరెవరు నొక్కుతున్నారని ముందు అడుగుతాను. సమ్మక్క అడిగిన ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆమె ఆ కంపెనీని తిట్టని రోజు లేదు, యాడ్ ఆపిన రోజూ లేదు. ఆపితే ఎదురు ధాబా పైకి వస్తుంది.