పక్కూరివాడు

పొలం తగాదాలో చెయ్యి చేసుకున్నందుకు కోర్టు నన్ను జైలుకు పంపక, ఏడాదిపాటు ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచింది. మా తాతగారి ముందు కూర్చోవడానికి జంకినవాళ్లను ఆ అధికారి నా నడవడి గురించి అడుగుతుంటే భరించలేక, ఆ పర్యవేక్షణను గుంటూరు జిల్లాకు మార్పించుకోవడానికి ఉయ్యూరులో బెజవాడ బస్సెక్కాను.

బెజవాడలో ప్రొబేషన్ ఆఫీసు ఎక్కడని కండక్టరును అడిగితే, పక్క సీటులోని ఆటోనగర్ మెకానిక్ నవ్వాడు. అతనిదీ అదే శిక్షట. గుంటూరు నుంచి వెనక్కి మార్పించుకుంటున్నాడు.

“అక్కడ నన్నెవరూ ఎరగరండీ. మంచోడని ఎవరు చెప్తారు? ఇక్కడైతే తిట్టడానికైనా నలుగురున్నారు.”

“నా సంగతి వేరు. మా ఇంటిపేరు ఈ జిల్లాలో అందరికీ తెలుసు,” అంటూ ఊరూ ఇంటిపేరూ చెప్పాను.

అతను మర్యాదగా కాసేపు ఆలోచించాడు.

“మాది మీ పక్కూరేనండీ. ఎప్పుడూ విన్లేదు.”

బెజవాడలో దిగి, అర్జీ పెట్టకుండానే ఉయ్యూరు బస్సెక్కాను.